గవ్వలతో సంభావ్యత: ప్రయోగం చేసి సమాచార వ్యాసం రాయడం ఎలా?

తొమ్మిది, పది తరగతుల గణితంలో సంభావ్యత పాఠం చిన్నది. సూత్రం ఒకటే, లెక్కలు కూడా చాలావరకు రెండు మూడు వరుసల్లో తేలిపోతాయి. భాషా పాఠాల చివర అడిగే నివేదికలు, సమాచార వ్యాసాలు అంత తేలిగ్గా లొంగవు. చెప్పడానికి తమ దగ్గర సొంత సమాచారం లేకపోవడం వల్ల చాలామంది విద్యార్థులు వాటిని ఎక్కడో చూసి దించుకుంటారు. ఈ రెండింటినీ విడివిడిగా నేర్చుకోవడం కంటే కలిపి చేయడం మేలని నా అభిప్రాయం. సంభావ్యత ప్రయోగం చేస్తే మీరు స్వయంగా సేకరించిన సమాచారం చేతికి వస్తుంది. దాన్ని ఇతరులకు అర్థమయ్యేలా రాయబోయినప్పుడు లెక్కలో మీకు తెలియకుండా మిగిలిపోయిన సందేహం బయటపడుతుంది. ఈ వ్యాసంలో అష్టాచమ్మా గవ్వలను తీసుకుని, ప్రశ్న వేసుకోవడం దగ్గర నుంచి శుద్ధప్రతి దాకా ఏం చేయాలో వరుసగా వివరిస్తాను. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనిగా సమర్పించవలసి వచ్చినా ఇదే పద్ధతి సరిపోతుంది.

మొదటి మెట్టు: ప్రశ్నను ఒక వాక్యంలో రాయండి

"సంభావ్యత గురించి రాస్తాను" అనుకుంటే అది విషయం పేరు మాత్రమే అవుతుంది, ప్రశ్న కాదు. జవాబు "అవును" అనో "కాదు" అనో "ఇంత" అనో చెప్పగలిగేలా ప్రశ్న ఉండాలి. అష్టాచమ్మాలో నాలుగు గవ్వలు విసిరి, నోరు పైకి ఉండేలా వెల్లకిలా పడినవాటిని లెక్కపెడతాం. ఒకటి, రెండు, మూడు పడితే అన్నే గళ్లు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. అష్టకు చమ్మకంటే రెట్టింపు గళ్లు ఇచ్చారు కాబట్టి అష్ట అరుదుగా పడుతుందేమోనన్న అనుమానం ఎవరికైనా రావచ్చు. అందువల్ల మన ప్రశ్నను ఇలా పెట్టుకుందాం: "మా ఇంట్లోని నాలుగు గవ్వలను విసిరినప్పుడు అష్ట, చమ్మ ఒకే సంభావ్యతతో పడతాయా?"

ఇందులో "మా ఇంట్లోని" అన్న మాటను వదలకండి. మీరు పరీక్షించబోయేది ఆ నాలుగు గవ్వలనే తప్ప లోకంలోని గవ్వలన్నింటినీ కాదు. గవ్వలు దొరకకపోతే ఒకవైపు తెల్లగా కనిపించేదాకా అరగదీసిన చింతపిక్కలు వాడండి. నాణేలతోనూ చేయవచ్చు గాని, వాటి జవాబు పాఠ్యపుస్తకంలోనే ఉండటం వల్ల మీరు కొత్తగా చెప్పడానికి ఏమీ మిగలదు.

రెండో మెట్టు: సాధ్యమయ్యే పర్యవసానాలన్నింటినీ రాయండి

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, అందుకే నిదానంగా వెళ్దాం. వెల్లకిలా పడిన గవ్వల సంఖ్య సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు కావచ్చు కాబట్టి మొత్తం ఐదు పర్యవసానాలనీ, అష్ట సంభావ్యత 1/5 అనీ చాలామంది తొందరపడి రాస్తారు. ఆ ఐదూ సమసంభవాలు కావని, అంటే వాటిలో ప్రతిదానికీ సమాన అవకాశం లేదన్నది వారి దృష్టికి రాదు. ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త డాలంబేర్ కూడా 1754లో ఇలాంటి చోటే పొరపడ్డాడు. నాణెం రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత ఎంత అన్న ప్రశ్నకు, మొదటిసారే బొమ్మ పడితే ఆట అక్కడితో ముగుస్తుంది కాబట్టి బొమ్మ, బొరుసు తర్వాత బొమ్మ, రెండుసార్లూ బొరుసు అనే మూడే పర్యవసానాలుంటాయని లెక్కించి 2/3 అన్నాడు. రెండు ఎగరవేతలనూ విడివిడిగా చూస్తే పర్యవసానాలు నాలుగు, సరైన జవాబు 3/4.

ఒక్కటీ తప్పిపోకుండా, ఏదీ రెండుసార్లు రాకుండా పర్యవసానాలను రాయడానికి మీకు తెలుగు తరగతిలోనే ఒక పద్ధతి నేర్పారు. ఛందస్సులో మూడక్షరాల గణాలు ఎనిమిది: మ, న, భ, జ, స, య, ర, త. ఒక్కో అక్షరం గురువో లఘువో అవుతుంది కాబట్టి 2 × 2 × 2 = 8 గణాలు ఏర్పడ్డాయి. మూడు నాణేలు ఎగరేసినప్పుడు వచ్చే పర్యవసానాలూ సరిగ్గా ఇవే. గురువు బదులు బొమ్మ అనీ, లఘువు బదులు బొరుసు అనీ రాసుకుంటే చాలు. మూడూ గురువులైనది మగణం ఒక్కటే, మూడూ లఘువులైనది నగణం ఒక్కటే. ఒకే గురువు ఉన్నవి భ, జ, స గణాలు. రెండు గురువులున్నవి య, ర, త గణాలు. కాబట్టి మూడు నాణేల్లో సరిగ్గా ఒక బొమ్మ పడే సంభావ్యత 3/8, మూడూ బొమ్మలే పడే సంభావ్యత 1/8. గణాలు కంఠస్థం వచ్చినవారికి ఈ లెక్కలో సగం పని అప్పటికే పూర్తయినట్లే.

నాలుగు గవ్వలకు నాలుగక్షరాల ప్రస్తారం, అంటే వాటి గురులఘు అమరికలన్నింటి పట్టిక కావాలి. గవ్వలకు సిరా చుక్కలతో 1, 2, 3, 4 అని గుర్తులు పెట్టి, వెల్లకిలాను "వె" అనీ బోర్లాను "బో" అనీ రాసుకుంటూ పట్టిక తయారు చేయండి. మొదటి గవ్వ నిలువు వరుసలో ఎనిమిది "వె"లు రాసి కింద ఎనిమిది "బో"లు రాయండి. రెండో వరుసలో నాలుగేసి చొప్పున, మూడో వరుసలో రెండేసి చొప్పున, నాలుగో వరుసలో ఒకటి విడిచి ఒకటి మార్చుకుంటూ పోతే 16 అడ్డువరుసలు వస్తాయి. వాటిని లెక్కపెడితే ఒక్కటీ వెల్లకిలా లేనిది ఒకటి, ఒకటి ఉన్నవి నాలుగు, రెండు ఉన్నవి ఆరు, మూడు ఉన్నవి నాలుగు, నాలుగూ ఉన్నది ఒకటి కనబడతాయి. 1, 4, 6, 4, 1 కలిపితే 16 రావాలి. రాకపోతే పట్టికలో ఎక్కడో ఒక వరుస తప్పిందని అర్థం.

మూడో మెట్టు: విసరడానికి ముందే అంచనాను రాసిపెట్టండి

సంభావ్యత అంటే అనుకూల పర్యవసానాల సంఖ్యను మొత్తం పర్యవసానాల సంఖ్యతో భాగించగా వచ్చేదని మీకు తెలుసు. అయితే పర్యవసానాలన్నీ సమసంభవాలైనప్పుడే ఆ సూత్రం పనిచేస్తుందన్న షరతును విద్యార్థులు ఎక్కువగా మరచిపోతారు. మన గవ్వలు వెల్లకిలా పడటానికీ బోర్లా పడటానికీ అవకాశం సమానమైతే, ఆ 16 పర్యవసానాలూ సమసంభవాలవుతాయి. అప్పుడు అష్ట సంభావ్యత 1/16, చమ్మ సంభావ్యత 1/16, ఒకటి పడటానికి 4/16, రెండు పడటానికి 6/16, మూడు పడటానికి 4/16. ఈ లెక్కన 200 సార్లు విసిరితే అష్ట పన్నెండు పదమూడు సార్లు, చమ్మ కూడా అన్నే సార్లు పడాలి.

ఈ అంచనాను తేదీ వేసి నోటు పుస్తకంలో రాసుకోండి. "సమానమైతే" అన్న మాటను కూడా స్పష్టంగా రాయండి, ఎందుకంటే మీ ప్రయోగం పరీక్షించబోయేది ఆ మాటనే. గవ్వకు ఒకవైపు ఉబ్బెత్తుగా, రెండోవైపు చదునుగా ఉంటుంది. రెండు ముఖాలూ ఒకేలా ఉండే నాణేనికి సహజంగా తోచే ఊహ దీనికి వర్తించాలన్న నియమమేమీ లేదు. ఫలితాలు చూసిన తర్వాత అంచనా రాస్తే అది అంచనా అనిపించుకోదు.

నాలుగో మెట్టు: విసరండి, నమోదు చేయండి

ఎక్కడ, ఎలా విసరాలో ముందే నిర్ణయించుకుని చివరిదాకా మార్చకండి. సిమెంటు నేల మీద విసిరితే మొత్తం అక్కడే విసరాలి, మధ్యలో చాప మీదికి మారకూడదు. గవ్వలను రెండు చేతుల్లో బాగా కుదిపి, దాదాపు ఒకే ఎత్తు నుంచి వదలండి. ఏదైనా గవ్వ గోడకు ఆనుకుని ఏటవాలుగా నిలబడితే ఏం చేయాలో కూడా మొదలుపెట్టకముందే రాసుకోండి. నా సలహా ఏమిటంటే, ఆ విసురును పూర్తిగా కొట్టివేసి మళ్లీ విసరడం. నియమాన్ని మధ్యలో తయారు చేస్తే, తెలియకుండానే మీకు నచ్చిన ఫలితం వైపు మొగ్గుతారు.

ఒకరు విసురుతుంటే మరొకరు గణన చిహ్నాలు గీయడం మంచిది. ఐదు వర్గాల మొత్తాలను మాత్రమే కాకుండా, ఇరవై విసురులను ఒక విడతగా చేసి ఏ విడతలో ఎన్ని పడ్డాయో విడిగా నమోదు చేయండి. అలా చేస్తే పది విడతల్లో 200 విసురులు పూర్తవుతాయి. తమ్ముడో చెల్లెలో తోడుంటే ఒక సాయంత్రంలో అయిపోయే పని ఇది. ఫలితం అంచనాకు దగ్గరగా వచ్చిందని 140 దగ్గరే ఆపడం, రాలేదని ఇంకో వంద విసరడం రెండూ తప్పే. ఎన్ని విసరాలో మొదటే నిర్ణయించారు కాబట్టి అన్నే విసరాలి.

ఐదో మెట్టు: లెక్క కట్టి, అది ఎంతవరకు చెబుతుందో ఆలోచించండి

మీ దగ్గర ఈ సంఖ్యలు వచ్చాయని ఉదాహరణ కోసం ఊహించుకుందాం: అష్ట 27, ఒకటి 68, రెండు 70, మూడు 30, చమ్మ 5. ముందుగా మొత్తం 200 అయిందో లేదో సరిచూడండి. తర్వాత ఒక్కో పౌనఃపున్యాన్ని, అంటే ఒక్కోటి ఎన్నిసార్లు పడిందో ఆ సంఖ్యను, 200తో భాగిస్తే 0.135, 0.34, 0.35, 0.15, 0.025 వస్తాయి, వీటి మొత్తం 1 కావాలి. ఇవి ప్రాయోగిక సంభావ్యతలు. అంచనా ప్రకారం అష్టకూ చమ్మకూ 0.0625 చొప్పున రావలసింది.

ఇప్పుడు అసలైన చిక్కు వస్తుంది. అంచనాకూ ఫలితానికీ మధ్య ఉన్న తేడా గవ్వల స్వభావం వల్ల వచ్చిందా, లేక ఎప్పుడూ ఉండే చిన్నపాటి హెచ్చుతగ్గా? దోషం లేని నాణేన్ని 200 సార్లు ఎగరేసినా సరిగ్గా వంద బొమ్మలే పడాలని లేదు. ఆ ప్రయోగాన్ని పదే పదే చేస్తే నూటికి సుమారు 95 సార్లు బొమ్మల సంఖ్య 86 నుంచి 114 మధ్య ఉంటుంది. అదే విధంగా, మన అంచనా నిజమైన పక్షంలో 200 విసురుల్లో అష్ట గాని చమ్మ గాని 6 నుంచి 19 మధ్య ఎన్నిసార్లు పడినా ఆశ్చర్యపోనక్కరలేదు. 27 ఆ హద్దు దాటింది, 5 దానికి దిగువన ఉంది. రెండూ కలిసి ఒకే వైపు చూపుతున్నాయి: ఈ గవ్వలు బోర్లా పడటానికే మొగ్గు చూపుతున్నాయి. దీన్ని మరోలా కూడా సరిచూడవచ్చు. 200 విసురుల్లో మొత్తం 800 గవ్వలు నేలను తాకాయి; వాటిలో వెల్లకిలా పడినవి 68 + 140 + 90 + 20 = 318, అంటే 0.3975, దాదాపు పదింటికి నాలుగు. ఇంటర్మీడియట్‌లో స్వతంత్ర ఘటనలు చదువుతున్నవారు, బోర్లా పడిన నిష్పత్తి అయిన 0.6025ను (1 − 0.3975) ఒక్కో గవ్వకు ఒకసారి చొప్పున నాలుగుసార్లు వేసి దానితోనే గుణించి చూస్తే, 200 విసురులకు అష్ట సుమారు 26 సార్లు రావాలని తేలుతుంది. లెక్కా ప్రయోగమూ అంత దగ్గరగా వస్తే, "సమానమైతే" అన్న మన షరతే ఈ గవ్వలకు చెల్లలేదని చెప్పడానికి బలం వస్తుంది.

విసురుల సంఖ్య పెరిగేకొద్దీ నిష్పత్తి ఎలా నిలకడపడుతుందో చూడటానికి పాత ప్రయోగాలు పనికొస్తాయి. ఫ్రాన్సులో బఫన్ 4,040 సార్లు నాణెం ఎగరేయగా 2,048 బొమ్మలు పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న జాన్ కెరిచ్‌కు 10,000 సార్లలో 5,067, ఇంగ్లండులో కార్ల్ పియర్సన్‌కు 24,000 సార్లలో 12,012 బొమ్మలు పడ్డాయి. నిష్పత్తులు వరుసగా 0.5069, 0.5067, 0.5005. మీ పది విడతల ఫలితాలను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ 20, 40, 60 విసురుల దగ్గర అష్ట నిష్పత్తి ఎంతో గ్రాఫు గీస్తే, మొదట పైకీ కిందికీ ఊగిన గీత క్రమంగా నెమ్మదించడం మీకూ కనిపిస్తుంది. అలా నెమ్మదించడానికి కారణం పాత లోటును కొత్త విసురులు పూడ్చడం కాదు. వరసగా నలభై విసురుల్లో చమ్మ పడకపోతే నలభై ఒకటో విసురుకు అది పడే సంభావ్యత పెరగదు. విసురులు ఎక్కువయ్యేకొద్దీ పాత లోటు మొత్తంలో చిన్న భాగమైపోతుంది, అంతే. ఆటలో పెద్దవాళ్లు కూడా "ఇంతసేపూ పడలేదు, ఇక పడుతుంది" అంటుంటారు. ఆటలో ఆ మాట అన్నా ఫరవాలేదు గాని, వ్యాసంలో రాయకూడదు.

ఆరో మెట్టు: వ్యాసం రాయండి

సమాచార వ్యాసంలో పాఠకుడు మొదట వెతికేది జవాబును. అందువల్ల మొదటి పేరాలోనే ప్రశ్న, జవాబు రెండూ ఉండాలి. "మానవ జీవితంలో సంభావ్యతకు ఎంతో ప్రాముఖ్యం ఉంది" అని మొదలుపెట్టే వ్యాసాలు లెక్కలేనన్ని. ఆ వాక్యం తీసేసినా వ్యాసానికి నష్టమేమీ ఉండదు. దాని బదులు ఇలా రాయవచ్చు: "అష్టాచమ్మాలో అష్ట, చమ్మ సమానంగా పడతాయో లేదో తెలుసుకోవడానికి మా ఇంట్లోని నాలుగు గవ్వలను సిమెంటు నేల మీద 200 సార్లు విసిరాను. అష్ట 27 సార్లు, చమ్మ 5 సార్లు పడ్డాయి. ఈ గవ్వలు బోర్లా పడటానికే ఎక్కువ అవకాశం ఉన్నట్లు ఈ ఫలితాలు సూచిస్తున్నాయి." మిగతా వ్యాసం చదవని పాఠకుడికి కూడా ముఖ్యమైనది అందింది.

రెండో పేరాలో ఆట తెలియనివారి కోసం అష్ట, చమ్మ అంటే ఏమిటో చెప్పండి. మూడో పేరా పద్ధతికి కేటాయించండి. నేల, గవ్వల సంఖ్య, విసురుల సంఖ్య, కొట్టివేసిన విసురుల నియమం, నమోదు చేసినవారు ఎవరు అనేవి ఇందులో రావాలి. పాఠశాల నివేదికల్లో "గవ్వలు విసరబడినవి, ఫలితాలు నమోదు చేయబడినవి" వంటి వాక్యాలు గంభీరంగా ఉంటాయనే భ్రమ ఒకటుంది. ఎవరు చేశారో దాచిపెట్టే ఆ వాక్యాలకంటే "నేను విసిరాను, మా చెల్లెలు నమోదు చేసింది" అన్నది స్పష్టంగానూ తెలుగుగానూ ఉంటుంది.

తర్వాత పట్టిక వేయండి. పట్టికకు శీర్షిక పెట్టి, నిలువు వరుసల్లో వర్గం, పౌనఃపున్యం, ప్రాయోగిక సంభావ్యత, అంచనా అనే నాలుగూ చూపించండి. పట్టికలోని సంఖ్యలన్నింటినీ మళ్లీ వాక్యాల్లో చెప్పనక్కరలేదు. పాఠకుడు ఏ రెండు సంఖ్యలను పోల్చి చూడాలో చెబితే చాలు.

ఫలితాలను వివరించే పేరాలో ప్రతి వాక్యాన్నీ "ఇది నేను లెక్కపెట్టిందా, లేక లెక్క నుంచి ఊహించిందా?" అని ప్రశ్నించుకోండి. అష్ట 27 సార్లు పడిందన్నది లెక్కపెట్టింది కాబట్టి దాని పక్కన "సుమారు" అవసరం లేదు. అష్ట సంభావ్యత 0.135 అన్నది ఆ లెక్క నుంచి కట్టిన అంచనా కాబట్టి "సుమారు" కావాలి. గవ్వ ఉబ్బెత్తు వైపు నేల మీద నిలవలేక దొర్లి బోర్లా పడుతుందన్నది కేవలం మీ ఊహ. దాన్ని రాయవచ్చు గాని "కారణం ఇది కావచ్చు" అని రాయాలి. "గవ్వలెప్పుడూ బోర్లాయే పడతాయని నిరూపించాను" అన్న వాక్యంలో "ఎప్పుడూ", "నిరూపించాను" రెండూ తప్పులే. "అష్టాచమ్మా ఆడేవారందరూ రెండూ సమానమే అనుకుంటారు" అన్నది వినడానికి బాగుంటుంది, కానీ మీరు ఎవరినీ అడగలేదు కాబట్టి దాన్నీ తీసేయండి. మార్కుల కోసం ఆలోచించినా, అతిశయోక్తి లేని రెండు వాక్యాలు అలంకారాలున్న రెండు పేరాలకంటే ఉపాధ్యాయుడికి ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి.

చివరి పేరాలో పరిమితులు రాయండి. నాలుగే గవ్వలు వాడటం, ఒకే నేల మీద విసరడం, విసిరే చేయి ఒక్కరిదే కావడం వంటివి చెప్పి, చాప మీద విసిరితే ఫలితం మారుతుందా వంటి మిగిలిపోయిన ప్రశ్న ఒకటి సూచించి ఆపండి.

ఏడో మెట్టు: మరొకరి చేత పరీక్షించి తిరగరాయండి

చిత్తుప్రతిని ఒకరోజు పక్కన పెట్టి, తర్వాత పైకి చదవండి. ఊపిరి సరిపోని వాక్యం కనిపిస్తే రెండుగా విడగొట్టండి. సంఖ్యలను నోటు పుస్తకంతో మళ్లీ పోల్చండి. చిత్తు నుంచి శుద్ధప్రతికి ఎక్కించేటప్పుడు 68, 86గా మారడం చాలా మామూలు విషయం.

ఆ తర్వాత ఈ ప్రయోగం గురించి ఏమీ తెలియని స్నేహితుడికి మీ పద్ధతి పేరాను మాత్రమే ఇచ్చి, గవ్వలు చేతిలో పెట్టి ఇరవై సార్లు విసరమనండి. పక్కనే కూర్చోండి, కానీ ఏమీ చెప్పకండి. "ఎంత ఎత్తు నుంచి?" అనో, "ఇది నిలబడింది, దీన్నేం చేయాలి?" అనో అతను అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు మీ పేరాలో చేరాలి. అతని ఇరవై విసురుల ఫలితాన్ని మీ 200తో కలపకుండా, పట్టిక కింద వేరే వరుసలో విసిరింది ఎవరో తెలిసేలా చూపించండి.